డిస్కోకి దిగని ఎడమ కాలు

మోకాలు కాదు, మోకాలైతే మెట్లెక్కేటప్పుడే నోరు తెరిచి అరిచేది, దాని సంగతి నాకు తెలియనిది కాదు, ఇది మోకాలి కింద ఎక్కడో, మడమలోనో అరికాల్లోనో, కాకపోతే మరీ పైన తలకాయలోనో ఉన్న తెగులు, కుడి కాలు చూడబోతే బంగారం, టిక్కు టిక్కు పెట్టె ఒకటి అన్నా రెండు అన్నా మూడు అన్నా నాలుగు అన్నా పెద్ద డ్రమ్ము మీద ధుమ్మని పడుతోంది, ఎడమ చెయ్యి రెండుకీ నాలుగుకీ నా మోకాళ్ళ మధ్య ఉన్న చిన్న డ్రమ్ము మీద టప్పుమని వాలుతోంది, కుడి చెయ్యి దాని మీదుగా దాటి వెళ్ళి ఆ జంట పళ్ళేల మీద కొట్టాల్సిన చోటే కొడుతోంది, ముగ్గురూ బుద్ధిమంతులే, నాలుగోది, ఈ ఎడమ కాలే, ఇంటిల్లిపాదికీ చెడ్డపేరు తెస్తోంది, పళ్ళేలంటే నిజం పళ్ళేలు కావు, ఒకదాని మీద ఒకటి బోర్లించిన రెండు ఇత్తడి రేకులు, కింద పెడలు, తొక్కితే మూసుకుంటాయి, పాదం లేపితే తెరుచుకుంటాయి, తెరుచుకున్నప్పుడు కర్రతో కొడితే త్స్‌స్ అని నవ్వుతాయి, ఆ నవ్వు సాగకముందే తొక్కి నోరు మూయించాలి, ధుమ్-త్సప్ ధుమ్-త్సప్, అదీ డిస్కో అంటే, నా కాలు లేవడం బాగానే లేస్తుంది, లేచి గాల్లో ఆగిపోతుంది, బయట వాన ఉందా లేదా అని గుమ్మంలో నిలబడ్డ మనిషిలాగా, ఈలోగా పళ్ళేలు త్స్‌స్‌స్‌స్ అని సాగదీస్తూనే ఉంటాయి, కింద టైర్ల కొట్లో ఎవరో గాలి వదిలేసినట్టు, కట్ అమ్మమ్మా, కట్ చెయ్యండి అంటుంది మాస్టారమ్మ, చేస్తున్నా తల్లీ అంటాను నేను, చెయ్యను, ఈ మాస్టారమ్మ అన్నది నాకు నేర్పే పిల్ల, నా మనవరాలికంటే అయిదారేళ్ళు పెద్దదేమో, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని చెవి వెనక వడ్రంగిలా పెన్సిలు పెట్టుకుంటుంది, మాస్టారు అంటే మీసాలు గుర్తొస్తున్నాయి, టీచరు అంటే బెత్తం గుర్తొస్తోంది అని వదినే ఆ పేరు పెట్టింది, పిల్ల నవ్వి సరే అంది, మంచిపిల్ల, ఇప్పుడు మాత్రం నవ్వడం లేదు, పెన్సిలు తీసి కొరుకుతోంది.

వదినంటే మా అన్న పెళ్ళాం కాదు, మా అన్నకి ఆవిడెవరో కూడా తెలియదు, ఆసుపత్రి లాండ్రీలో నేను చేరిన మొదటి రోజున నా చేతుల్లో తడి దుప్పట్ల మూట పడేసి పళ్ళికిలించింది, నేను వదినా ఇది మనిషి మొయ్యాల్సిన బరువేనా అన్నాను, వేళాకోళమాడాలంటే ఏదో ఒక వావి ఉండాలి కదా, అప్పటి నుంచి అదే ఖాయమైపోయింది, ఇప్పుడు మా గోడకి అవతలి గోడ ఆవిడది, నేను తుమ్మితే అటునుంచి నూరేళ్ళూ అంటుంది, ఇదిగో ఇప్పుడు తలుపు పక్కన పెద్ద స్పీకరు డబ్బా మీద కూచుని ఉంది, పొట్టి మనిషి, కాళ్ళు నేలకందక ఊగుతున్నాయి, ఒళ్ళో నా సంచీ, వారానికి రెండుసార్లు టైర్ల కొట్టు పక్కనున్న ఆ ఇరవై రెండు మెట్లు ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎక్కుతాం, ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసేవాళ్ళకి తెలియదు, మాకూ తెలియదు, కిందటేడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, లోపల ఉక్కు కీలు వేశారు, నాలుగు నెలలు కర్ర పట్టుకుని నడిచింది, ఆ కర్రని తిట్టినన్ని తిట్లు పోయిన మొగుణ్ణి కూడా తిట్టి ఉండదు, ఒకరోజు దాన్ని తలుపు వెనక పారేసి, డెబ్భయ్యో పుట్టినరోజుకి ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఆడతానే, కర్ర లేకుండా, చూస్తూండు అంది, ఆ పుట్టినరోజు ఎల్లుండే, శనివారం సాయంత్రం, మా వీధి చివరి హాల్లో కుర్చీలు కూడా చెప్పేశారు, లాండ్రీలో మాతో పనిచేసినవాళ్ళలో బతికున్నవాళ్ళందరూ వస్తున్నారు, మాస్టారమ్మ కీబోర్డు మీద పాట వాయిస్తుంది, దాని కింద దరువు నాది, ఇవాళ గురువారం, ఇదే ఆఖరి క్లాసు, నా కాలు గాల్లో ఉంది.

చెప్పేయాలి, క్లాసు అయ్యాక మెట్లు దిగుతూ చెప్పేస్తాను, వదినా నావల్ల కాదే, స్పీకరు పెట్టించుకో అని, మీ అబ్బాయి ముందే అన్నాడు కదా, అత్తా మీరెందుకు శ్రమపడటం, ఫోన్లో పాట వేస్తే హాలంతా దద్దరిల్లిపోతుంది అని, డబ్బా పాటకి నేనాడను అంది అప్పుడు, మా పిల్ల కొడుతుంది, ఏమే కొట్టవూ అంది అందరి ముందూ, అరవై ఏడేళ్ళ నన్ను పిల్లా అంటుంది ఇప్పటికీ, నా నోరు ఊరుకుంటుందా, ఓస్ డిస్కోనే కదా అంది, నా నోరే, ఈ నోటితో నేను పడ్డన్ని పాట్లు కాళ్ళతో పడలేదు, అసలు ఈ డ్రమ్సు గోల నాది కాదు, మనవరాలిది, అది పై చదువుకి హాస్టలుకి వెళ్ళిపోతే ముందు గదిలో దుప్పటి కప్పుకుని కూచున్నాయి, చుట్టపుచూపుగా వచ్చి కదలని బంధువులాగా, ఎవరికైనా ఇచ్చేద్దామా అత్తయ్యా, ఊడవడానికి అడ్డం అంది కోడలు, దుమ్ము దులిపి చూద్దామని నేను దుప్పటి తీసి స్టూలు మీద కూలబడ్డాను, కాలు ఎక్కడ పెట్టానో ఏమో ధుమ్మంది, ఎవరది అంది కోడలు వంటింట్లోంచి, నేనే అన్నాను, ఇంకోసారి ధుమ్మనిపించాను, గోడ అవతల నుంచి, ఏమే పిల్లా గోడ కూలుస్తున్నావా, తలుపు వేపునుంచి రాకూడదూ అని వదిన, ఆ ధుమ్ము అరికాలి నుంచి పొట్టలోకి ఎక్కింది, వేడి టీ దిగుతున్నప్పుడు తెలిసినట్టు తెలిసింది అది వచ్చే దారి, ఆరు నెలలయింది, చదువు అయిదో క్లాసు దాటని నాకు ఈ వయసులో ఒక బడి, ఒక పుస్తకం, పుస్తకంలో అక్షరాలకి బదులు చుక్కలూ తోకలూ, పొద్దున లేవగానే మొదట గుర్తొచ్చేది క్లాసు రోజా కాదా అని, ఇంత సంబరం నా పెళ్ళికి కూడా పడలేదు, పెళ్ళికొడుకు వింటే బాధపడేవాడు కానీ ఆయన ఇప్పుడు లేడు, ఉన్నా కొట్టుకోమనే అనేవాడు, వంట అయ్యాక.

మళ్ళీ మొదటి నుంచి అంది మాస్టారమ్మ, నెమ్మదిగా, టిక్కు టిక్కు పెట్టెని తగ్గించింది, చీమ నడిచినంత నెమ్మది, ఒకటి ధుమ్, త్స్‌స్, రెండు, దిగు, దిగవే, దిగలేదు, విచిత్రమేమిటంటే చేత్తో కొట్టకుండా ఉత్త కాలితో అయితే చక్కగా దిగుతుంది, తెరుచుకో మూసుకో తెరుచుకో మూసుకో అని వందసార్లు తొక్కమన్నా తొక్కుతుంది, కుడి చెయ్యి పళ్ళేల దగ్గరికి వెళ్ళిందా, అంతే, కాలుకి కళ్ళున్నట్టే ఆ చెయ్యిని చూసి ఆగిపోతుంది, చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చాక, పక్కకి జరిగాక, ఒక క్షణం చూసి, అప్పుడు నింపాదిగా దిగుతుంది, అప్పటికి పాట పక్క వీధిలో ఉంటుంది, మాస్టారమ్మ నా పక్కన మోకాళ్ళ మీద కూచుని నా పాదాన్నే చూస్తోంది, డాక్టరు చూసినట్టు, అమ్మమ్మా మీ కాలు బలహీనమేం కాదు, అది రావట్లేదు కాదు, రానంటోంది అంది, ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది, వయసు తల్లీ అన్నాను, వయసైతే రెండు కాళ్ళకీ ఒకటే కదా అంది, నిజమే, ఇద్దరూ ఒకే రోజు పుట్టారు, పోనీ ఒక పని చేద్దాం, ఈ పళ్ళేల్ని స్క్రూ బిగించి మూసే ఉంచేస్తాను, కాలు పెట్టక్కర్లేదు, చెయ్యి ఒక్కటే కొట్టండి, టిక్ టిక్ మంటుంది, హాల్లో ఎవరికీ తేడా తెలీదు అంది, అమ్మయ్య అని నేను అనుకునే లోపే స్పీకరు డబ్బా మీద నుంచి వదిన, నాకు తెలుస్తుంది అంది, త్స్ అన్నప్పుడు కాలు తీస్తాను, ప్ అన్నప్పుడు కాలు వేస్తాను, అలాగే వంటింట్లో నెల రోజుల నుంచి గట్టు పట్టుకుని ఆడుతున్నాను, ఆ ప్ రాకపోతే నా ఉక్కు తుంటికి ఎక్కడ దిగాలో తెలియదు, పళ్ళేలకి మూత పడాల్సిందే, ఆడలేక మద్దెల ఓడు అన్నారు కానీ, కొట్టలేక ఆడేదాన్ని మార్చడం నేనెక్కడా వినలేదమ్మా, అంది, మాస్టారమ్మకి నవ్వాగలేదు, నాకు నవ్వు రాలేదు, వదిన కిందపడితే, అందరి ముందూ, మళ్ళీ ఆ కర్ర, మళ్ళీ నా వల్ల.

మళ్ళీ నా వల్ల అని ఎందుకనుకున్నాను, వద్దు, అటు వద్దు, ఇంకేదైనా, లాండ్రీయే కావాలంటే మంచివి బోలెడున్నాయి, ఆసుపత్రి కింద, నేలమాళిగలో, కిటికీ లేని గది, గోడలోంచి ఒక గొట్టం, ఆ గొట్టంలోంచి పై అంతస్తుల మూటలు ధబ్బుధబ్బుమని జారిపడేవి, ఏ మూట ఏ వార్డుదో వాసనతో చెప్పేది వదిన, పిల్లల వార్డు మూట పడితే ముందు విదిలించమనేది, ఒకసారి అందులోంచి బొమ్మ ఏనుగు వచ్చింది, దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి మూడో అంతస్తుకి పట్టుకెళ్ళి ఇచ్చింది, ఏనుగుకి ఇస్త్రీ ఏంటే అంటే, ఆసుపత్రిలో ఉంది పాపం, మడత నలగకుండా ఇంటికెళ్ళాలి కదా అంది, మా సూపర్‌వైజరుకి ముందు పన్ను లేక మాటకి ముందు గాలి వచ్చేది, అందుకని ఆయన పేరు ఈల, ఈల లేనప్పుడు ప్లాస్టిక్ సంచీలో చుట్టిన టేపురికార్డరు బయటికొచ్చేది, ఆవిరి తగలకుండా సంచీ, సంచీలోంచే పాట, ఎప్పుడూ ఒకటే క్యాసెట్టు, ఒకవైపంతా డిస్కో, రెండోవైపు అరిగిపోయింది, వదిన మూటల బళ్ళ మధ్య ఆడేది, పొట్టిది కదా, బళ్ళ వెనక మనిషి కనిపించేది కాదు, చేతులు మాత్రం పైకి లేచి గిర్రున తిరుగుతుండేవి, ఎర్రగా, తడిగా, వేళ్ళు విడదీసి, ఎంత అందంగా ఉండేవో ఆ చేతులు, నేను ఆవిరి ఇస్త్రీ బల్ల దగ్గర, డాక్టర్ల కోట్లకి, ఆ బల్ల మీద పనికి ఇద్దరుండాలి, ఒకరు కోటు పరిచి కాలరు సరిచేసి మడతలు సాగదియ్యాలి, ఇంకొకరు పెడళ్ళు తొక్కాలి, కుడి పెడలు తొక్కితే కింద నుంచి ఆవిరి, బుస్సుమని, ఎడమ పెడలు తొక్కితే పైనున్న వేడి మూత దిగుతుంది, పరిచేది వదిన, తొక్కేది నేను, పరిచిన మనిషి చేతులు బయటికి తీసి ఊఁ అనాలి, ఊఁ విన్నాక కానీ ఎడమ కాలు కదలకూడదు, అది చేరిన రోజున ఈల చెప్పిన మొదటి మాట, రోజుకి మూడొందల కోట్లు, మూడొందల ఊఁలు, బుస్, ఊఁ, ధబ్, బుస్, ఊఁ, ధబ్, ఇప్పుడనిపిస్తోంది మేమూ ఒక దరువే వాయించాం అక్కడ, తెల్లటి కోట్లు చప్పుడుకి ఒకటి చొప్పున వరసగా తాడు మీదికెళ్ళేవి.

ఆ రోజు ఈల సెలవు, సంచీలోంచి పాట, నాకు ముప్ఫై ఆరేళ్ళు, పొద్దున ఇంట్లో ఏదో మంచి జరిగింది, ఏమిటో మర్చిపోయాను, అదొక్కటే మర్చిపోయాను, మిగతాదంతా నిన్నటిలాగే ఉంది, కోటు జేబు మీద నీలం సిరా మరక ఉంది, ఆవిరి కొట్టాను, తల ఊగుతోంది, పాటలో ధుమ్ పడింది, నా కాలు పాటతో పాటే దిగింది, ఊఁ లేదు, ఊఁ రాలేదు, నా కాలు దిగింది, వదిన అరవలేదు, చిన్నపిల్ల వెక్కినట్టు ఒక చప్పుడు, అంతే, మూత కింద ఆవిడ ఎడమ చెయ్యి నాలుగు వేళ్ళు కాలాయి, పై అంతస్తుకే తీసుకెళ్ళారు, మేము ఉతికిన కోట్లవాళ్ళే కట్టు కట్టారు, మర్నాడు ఈల కాగితం పట్టుకుని వచ్చి ఎలా జరిగింది అంటే, కట్టు వేసుకున్న చెయ్యి గాల్లో పెట్టుకుని వదిన, నాదే పొరపాటండీ, నేనే చెయ్యి తియ్యలేదు అంది, నేను పక్కనే ఉన్నాను, నోరున్నదాన్ని, ఓస్ అనడం వచ్చినదాన్ని, ఆ రోజు నోరు తెరవలేదు, ఇంటి దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం పోతుందని భయం, ఆవిడ చెప్పింది కాగితం మీదికెక్కింది, నేను వేలిముద్రలాంటి సంతకం పెట్టాను సాక్షిగా, ఎలుకకి పిల్లి సాక్ష్యం అంటారే అలాంటి సాక్ష్యం, పుళ్ళు మానాయి, మెరుస్తూ నాలుగు గీతలు మిగిలాయి, ఆవిడ మళ్ళీ ఆడింది, టేపురికార్డరు మళ్ళీ బయటికొచ్చింది, నేను మాత్రం పాట వస్తున్నంతసేపూ రెండు పాదాలూ నేలకి అతికించి నిలబడేదాన్ని, ఆవిడ బరువు సంచులు నేను మోశాను, ఆవిడ మందుల చీటీ పట్టుకుని వరసల్లో నేను నిలబడ్డాను, ఏమే నా మీద ఇంత ప్రేమేంటే, కొంపదీసి నా గోడ రాయించుకుంటావా అనేది, నేను నవ్వేసేదాన్ని, ముప్ఫై ఒక్క ఏళ్ళు నవ్వేశాను.

ఆఖరిసారి అమ్మమ్మా అంటోంది మాస్టారమ్మ, ధుమ్, కుడి చెయ్యి వెళ్ళింది, త్స్‌స్‌స్‌స్, కాలు గాల్లో, పళ్ళేలు సాగుతున్నాయి, స్పీకరు డబ్బా మీద నుంచి కాళ్ళ ఊపు ఆగింది, వదిన దిగుతోంది, ముందు ఒక కాలు, పట్టుకో అమ్మాయ్ అని మాస్టారమ్మ భుజం పట్టుకుని రెండో కాలు, నా సంచీ కింద పెట్టి, నా ఎదురుగా వచ్చి నిలబడింది, సరిగ్గా బల్లకి అవతల నిలబడ్డట్టు, నా కుడి చెయ్యి వంక చూసింది, నా ఎడమ పాదం వంక చూసింది, ఆ చూపు నాకు తెలుసు, మూట వాసన చూసి ఏ వార్డో చెప్పే ముందు చూపు అది, అది నా చెయ్యి కాదే అంది, రేకు, వట్టి రేకు, కాలదు, దిగు, అంది, అంతే, నా చేతిలో కర్ర జారి డ్రమ్ము మీద పడి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది, మాస్టారమ్మ టిక్కు టిక్కు పెట్టె ఆపేసింది, కింద టైర్ల కొట్లో సుత్తి దెబ్బ ఒకటి, ఇంకొకటి, నా కళ్ళల్లోంచి కారుతోంది కానీ అది ఏడుపని నాకు వెంటనే తెలియలేదు.

వదినా ఆ రోజు నువ్వు ఊఁ అనలేదే, నేనే పాట వింటూ తొక్కేశాను అన్నాను, అనేశాను, ఇంత చిన్న వాక్యం అని అప్పుడు తెలిసింది, ఒక ఊపిరిలో అయిపోయింది, ఏంటీ అంది, నీ తప్పు కాదే, నాది, కాగితం మీద నీ పేరు రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను అన్నాను, ఆవిడ నా వంక వింతగా చూసింది, నేను పరాయి భాష మాట్లాడినట్టు, తర్వాత తన ఎడమ చెయ్యి ఎత్తి ఆ నాలుగు గీతల్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఓసి నీ మొహం మండా, ఇదా నీ కాలిలో కూచుంది అంది, ఊఁ అనలేదు నిజమే, ఎందుకనలేదు, నేనూ ఆడుతున్నానే, ఒక చెయ్యి పైన తిప్పుతున్నాను, రెండో చెయ్యి కోటు మీద పెట్టి మర్చిపోయాను, ఈలకి నేను చెప్పింది నిన్ను కాపాడటానికి అనుకున్నావా, నాకంత గొప్ప మనసెక్కడిదే, జరిగింది జరిగినట్టు చెప్పాను, ఇంటికెళ్ళి మా ఆయనతో కూడా అదే చెప్పాను, ఆట పిచ్చిలో చెయ్యి కాల్చుకున్నాను అని, ఆయన పదేళ్ళు ఏడిపించాడు నన్ను, నువ్వేమో నా తప్పు నాకు మిగల్చకుండా మొత్తం నువ్వే దాచుకుని కూచున్నావా ఇన్నేళ్ళూ, దొంగమొహమా, సగం నాది, ఇటు పడెయ్, అంది, ఎంత కోపంగా అందో, నిజంగానే కోపం, తన బీరువాలో వస్తువు పక్కింట్లో దొరికితే వచ్చే కోపం, నేను ముక్కు తుడుచుకుంటూ, మరి సంచులు మోయించుకున్నావు కదే అన్నాను, మోస్తానంటే వద్దంటానా, నాకేమైనా పిచ్చా అంది, మాస్టారమ్మ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది, కళ్ళు పెద్దవి చేసుకుని ఒకసారి ఆవిడ చెయ్యీ ఒకసారి నా కాలూ చూసింది, మనం రిటైరై తొమ్మిదేళ్ళయిందే, నీ ఎడమ కాలుకి ఆ ఆర్డరు అందలేదు పాపం, ఇంకా డ్యూటీలోనే ఉంది, దింపి ఇంటికి పంపించు అంది వదిన.

మాస్టారమ్మ కీబోర్డు దగ్గరికెళ్ళింది, టిక్కు టిక్కు పెట్టె పెట్టనా అంటే వద్దన్నాను, ధుమ్ అన్నాను నేనే నోటితో, కుడి కాలూ ధుమ్మంది, చెయ్యి వెళ్ళింది, త్స్, కాలు ఒక క్షణం చూసింది, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, చూసి, దిగింది, ప్, మొదటిసారి, తలుపు గడియ పడ్డంత చక్కగా, ధుమ్-త్సప్, రెండోది కొంచెం ఆలస్యం, మూడోది ముందే, నాలుగోది అక్కడే, సరిగ్గా అక్కడే, ధుమ్-త్సప్ ధుమ్-త్సప్, మాస్టారమ్మ వేళ్ళు పాటలోకి దిగాయి, గోడలకి కొట్టిన పాత పరుపులు ఆ చప్పుడంతా తాగుతున్నాయి, పైన ఫ్యాను తన దారిన తాను కిర్రుమంటోంది, వదిన గట్టు లేకుండా, కర్ర లేకుండా, పరుపు గోడకీ స్పీకరు డబ్బాకీ మధ్య ఉన్న మూడడుగుల జాగాలో, త్స్ అన్నప్పుడు కాలు తీస్తోంది, ప్ అన్నప్పుడు వేస్తోంది, ఒకసారి ఒరిగింది, నా గుండె ఆగింది, కాలు ఆగలేదు, ఆగితే పడిపోతుంది ఆవిడ, ఆగలేదు, ప్ దగ్గర నిలదొక్కుకుంది, చూశావా అంది కనుబొమలు ఎగరేసి, చేతులు రెండూ పైకి లేచాయి, వేళ్ళు విడదీసి, నేను తొక్కుతూనే ఉన్నాను, నా కుడి చెయ్యి పళ్ళేల మీదకి వెళ్తోంది, అది అక్కడ ఉండగానే వెనకే నా ఎడమ కాలు వస్తోంది, ఎవరికీ ఏమీ కాలడం లేదు, పాట సగమైంది, సగం దాటింది, చెమట మెడ మీదుగా దిగుతోంది, ఆవిరి గదిలో పట్టేది ఇలాంటి చెమటే, అయినా దీని చివర మడతపెట్టి పై అంతస్తుకి పంపాల్సిన కోటు ఏదీ లేదు, ఎల్లుండి హాల్లో ఒకటి రెండు తప్పుతాయి, తప్పనీ, ఆవిడ ఒరుగుతుంది, మళ్ళీ నిలబడుతుంది, లాండ్రీవాళ్ళు వంక పెడతారు, పెట్టనీ, ఇన్నాళ్ళూ ఈ డ్రమ్ముల ముందు కూచుని, ఈ పాట కొట్టి ఆవిడకి ఏదో తిరిగి ఇచ్చుకోవాలని, ఇచ్చుకుంటే కానీ ఆ ముఖం నేరుగా చూడలేనని అనుకున్నాను, ఆరు నెలలు నా కాలు అంత బరువు మోసింది, ఇప్పుడు చూస్తున్నాను, నేరుగానే చూస్తున్నాను, పొట్టిగా, ఎర్రబడ్డ ముఖంతో, నోరు సగం తెరిచి, నన్ను కాదు, నా కాలుని కాదు, ఎదురుగా ఉన్న గాలిని చూసుకుంటూ ఆడుతోంది, ఆవిడ నా దగ్గర నుంచి ఎన్నడూ ఏదీ రాబట్టుకోవాలనుకోలేదు, ఆవిడకి ఆడాలని ఉంది, నాకు కొట్టాలని ఉంది.